పళ్ళ అందం కోసం క్లినిక్‌కు వెళ్ళేముందు: ఏది ముందు, ఏది తర్వాత

అందం కోసం దంతవైద్యుల దగ్గరికి వచ్చేవారి మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే ఉంటుంది: "పళ్ళు తెల్లగా కావాలంటే ఎంతవుతుంది?" నోరు చూడకుండానే దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పేవారిని కాస్త అనుమానించవలసిందే. ఆ పచ్చదనం గార వల్ల వచ్చిందా, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళ వల్ల వచ్చిందా, లోపల నరం చచ్చిపోవడం వల్ల వచ్చిందా అన్నది తేలేదాకా వైద్యమూ చెప్పలేం, ఖర్చూ చెప్పలేం.

ఈ విషయంలో గుర్తుపెట్టుకోవలసిన అసలు సంగతి ఎనామిల్ గురించినది. పంటికి పైన ఉండే ఈ పొర మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయితే ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఎనామిల్ మాత్రం ఒకసారి పోతే మళ్ళీ పుట్టదు, ఎందుకంటే దాన్ని తయారుచేసే కణాలు పన్ను చిగురును చీల్చుకుని బయటికి వచ్చేసరికే నశించిపోతాయి. కాబట్టి జబ్బును ముందు నయం చేయించుకుని, అందం సంగతి ఆ తర్వాత చూసుకోవాలి. అందం కోసం చేయించుకునే వాటిలోనూ పంటిని అసలు చెక్కనివాటిని ముందు ప్రయత్నించి, చెక్కవలసినవాటిని చివరికి ఉంచుకోవాలి. కింద చెప్పిన మెట్లు ఆ వరసలోనే ఉన్నాయి.

మెట్టు 1: మరక పంటి మీద ఉందా, లోపల ఉందా

పగటి వెలుతురులో, కిటికీ పక్కన నిలబడి, లిప్‌స్టిక్ లేకుండా, చేతి అద్దంలో పళ్ళు చూసుకోండి. ట్యూబులైటు కింద గానీ, ఫోన్ కెమెరా ఫిల్టర్లలో గానీ పంటి రంగు సరిగా తెలియదు. ముందు పళ్ళను ముందువైపే కాకుండా, నోరు తెరిచి కింది పళ్ళ వెనకవైపు, అంటే నాలుక తగిలే వైపు కూడా చూడండి. అక్కడ చిగురు అంచున పసుపుగానో గోధుమ రంగుగానో గట్టిగా పేరుకున్నది కనిపిస్తే అది గార. లాలాజల గ్రంథుల నాళాలు ఆ దగ్గరలోనే తెరుచుకోవడం వల్ల, లాలాజలంలోని ఖనిజాలు పాచితో కలిసి అక్కడే ఎక్కువగా గట్టిపడతాయి.

కాఫీ, టీ, కిళ్ళీ, గుట్కా, ఖైనీ, చుట్ట, సిగరెట్ వల్ల పట్టే మరకలు పంటి పైపైనే ఉంటాయి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్‌ను డాక్టరు చెప్పిన గడువు దాటి వారాల తరబడి వాడేవారికి పళ్ళ మీద గోధుమ రంగు పొర పడుతుంది. ఐరన్ టానిక్కులు తాగే పిల్లల పళ్ళు నల్లబడతాయి. ఇవన్నీ క్లినిక్‌లో శుభ్రం చేయిస్తే పోయే మరకలే, వీటికి బ్లీచింగ్‌తో పనిలేదు. తెల్లదనం కోసం వచ్చినవారిలో కొందరు ఒక్క క్లీనింగ్‌తోనే తృప్తిపడి ఇంటికి వెళ్ళిపోతారు.

లోపలి మరకల సంగతి వేరు. వయసు పెరిగేకొద్దీ ఎనామిల్ అరిగి పలచబడి, దాని కింద సహజంగానే పచ్చగా ఉండే డెంటిన్ పొర బయటికి కనిపిస్తుంది. ఇది జబ్బు కాదు. మిగతావన్నీ బాగుండి ఒకే ఒక్క ముందు పన్ను బూడిద రంగుకు తిరిగితే, ఎప్పుడో చిన్నప్పుడు సైకిలు మీద నుంచి పడినప్పుడో, క్రికెట్ బంతి తగిలినప్పుడో దాని నరం చచ్చిపోయి ఉండవచ్చు. నొప్పి లేదని దాన్ని వదిలేయకూడదు, ఎక్స్‌రే తీస్తే వేరు కొసన చీము గూడు కనిపించే అవకాశం ఉంది. పళ్ళు ఏర్పడే వయసులో గానీ, తల్లి కడుపులో ఉండగా గానీ టెట్రాసైక్లిన్ మందు పడినవారికి పళ్ళ మీద అడ్డంగా బూడిద, గోధుమ రంగు చారలు వస్తాయి.

తెలుగు నేలలో మరింత వివరంగా చెప్పుకోవలసింది ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బు గురించి. మన దేశంలో ఈ జబ్బు తొలిసారి వైద్యుల దృష్టికి వచ్చింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలోనే. తర్వాత నల్లగొండ పేరు దానితో ముడిపడిపోయింది. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. గ్రానైటు రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండడం దీనికి మూలకారణం. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి.

పంటి ఫ్లోరోసిస్ పళ్ళు దవడలో తయారవుతున్న వయసులోనే, అంటే దాదాపు 8 ఏళ్ళలోపే వస్తుంది. పెద్దయ్యాక ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగితే ఎముకలకు ముప్పు గానీ, అప్పటికే ఏర్పడిన పళ్ళకు కొత్తగా మచ్చలు రావు. అలాగే చిన్నప్పుడు వచ్చిన మచ్చలు ఇప్పుడు ఇంటికి కృష్ణా నీళ్ళు వచ్చినంత మాత్రాన పోవు. తేలికపాటి ఫ్లోరోసిస్‌లో పంటి మీద సుద్దలాంటి తెల్లని గీతలు, మబ్బుమరకలు ఉంటాయి. తీవ్రమైతే గోధుమ రంగు పట్టీలు, గుంటలు పడతాయి. ఈ మచ్చలు ఒకే కాలంలో ఏర్పడిన పళ్ళ మీద కుడిఎడమల జతగా కనిపించడం ముఖ్యమైన గుర్తు. ఇవి బయటినుంచి అంటుకున్నవి కావు కనుక కచ్చికతో, బొగ్గుపొడితో, ఇటుక పొడితో ఎంత తోమినా పోవు, పైగా ఆ తోముడుకు ఉన్న ఎనామిల్ కూడా అరిగిపోతుంది. అలా ఏళ్ళ తరబడి తోమినవారి పళ్ళ మొదళ్ళలో, చిగురు అంచున, గొడ్డలితో కొట్టినట్టు వి ఆకారపు గాట్లు కనిపిస్తాయి. చల్లటి నీళ్ళు తగిలితే జివ్వుమనేది అక్కడే. ఇప్పుడు 'చార్‌కోల్' పేరుతో రంగుల డబ్బాల్లో అమ్ముతున్నదీ ఆ పాత బొగ్గుపొడికి తోబుట్టువే.

మెట్టు 2: ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

మన దేశంలో దంతవైద్య డిగ్రీ బీడీఎస్ తర్వాత చేసే పీజీ కోర్సు ఎండీఎస్‌లో కాస్మెటిక్ డెంటిస్ట్రీ అనే ప్రత్యేక విభాగం లేదు. బోర్డు మీద 'కాస్మెటిక్ డెంటిస్ట్' అని ఉంటే అది ఆ డాక్టరు చేసే పనిని తెలుపుతుందే గానీ, చదివిన డిగ్రీని కాదు. క్లిప్పులు వేసి వరస సరిచేయడం ఆర్థోడాంటిస్టు పని. చిగుళ్ళ జబ్బులు పెరియోడాంటిస్టువి. క్యాప్‌లు, పంటి ముందువైపు అతికించే పలుచని పొరలైన వెనీర్లు, కట్టుడు పళ్ళు ప్రోస్థోడాంటిస్టువి. రూట్ కెనాల్, పంటి రంగు ఫిల్లింగులు ఎండోడాంటిస్టువి. అనుభవమున్న బీడీఎస్ డాక్టర్లు వీటిలో చాలా పనులు చక్కగా చేస్తారు. అయితే పది పళ్ళు ఒకేసారి మార్చుకునే పెద్ద పని అయితే ఆ విభాగంలో ఎండీఎస్ చదివినవారి అభిప్రాయం ఒకసారి తీసుకోవడం మంచిది. 1948 నాటి డెంటిస్టుల చట్టం వచ్చినప్పటినుంచీ దంతవైద్యం చేసేవారికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబరు అడిగితే డాక్టరు నొచ్చుకోవలసిన పనేమీ లేదు. మెషిన్లు పెట్టుకుని పళ్ళు తెల్లబరుస్తామనే బ్యూటీ పార్లర్లకు దూరంగా ఉండండి.

డబ్బుకు ఇబ్బందైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ, కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ పీజీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స చేస్తారు. ఖర్చు తక్కువే గానీ, ఎక్కువసార్లు తిరగడానికి సిద్ధపడి వెళ్ళాలి.

మొదటిసారి వెళ్ళినప్పుడు మీరు వాడే మందులన్నిటి చీటీలు తీసుకువెళ్ళండి. షుగరు అదుపులో లేనివారికి చిగుళ్ళు త్వరగా మానవు, కాబట్టి మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఫలితం దగ్గర ఉంచుకోండి. గుండెకు స్టెంటు పడి రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు "పన్ను తీయించుకోవాలి కదా" అని వాటిని సొంతంగా ఆపేయడం ప్రమాదకరం. ఆ నిర్ణయం గుండె డాక్టరు, దంతవైద్యులు కలిసి తీసుకోవలసినది. గర్భిణులు ఆ సంగతి ముందే చెప్పాలి. వారు నొప్పి, చీము లాంటివాటికి వైద్యం చేయించుకోవచ్చు, దానికి నాలుగు నుంచి ఆరో నెల వరకు అనువైన కాలం. అందం కోసం చేసేవన్నీ మాత్రం కాన్పు అయ్యాకే.

మీ కోరికను కూడా స్పష్టంగా చెప్పాలి. "బాగా కావాలి" అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాదు. రంగు నచ్చలేదా, సందు నచ్చలేదా, నవ్వినప్పుడు చిగురు ఎక్కువగా కనిపిస్తోందా, ఒక పన్ను మాత్రమే పొట్టిగా ఉందా అన్నది విడివిడిగా చెప్పండి. అదృష్టమని పెద్దవాళ్ళు చెప్పే పళ్ళ సందును ఉంచుకోవాలనుకుంటే అదీ చెప్పండి, డాక్టరు దాన్ని లోపంగా లెక్కేసి మూసేయకముందే.

మెట్టు 3: అందానికి ముందు ఆరోగ్యం

చిగుళ్ళ నుంచి రక్తం కారుతుండగా ముందు పళ్ళకు వెనీర్లు వేయించుకోవడం, చెమ్మ ఊరుతున్న గోడకు సున్నం కొట్టించడమే. వాచిన చిగురు వైద్యం తర్వాత కుంచించుకుని కాస్త పైకి జరుగుతుంది కనుక, ముందే వేసిన వెనీరు అంచు ఆ తర్వాత గీతలా బయటపడుతుంది. రక్తం కారే చిగుళ్ళ దగ్గర అతికించే రసాయనం కూడా సరిగా పట్టదు.

కాబట్టి మొదటి పని క్లీనింగ్. దీని మీద మనవాళ్ళకున్న భయం అంతా ఇంతా కాదు: "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి, సందులు పడతాయి." జరిగేది ఏమిటంటే, చిగుళ్ళ జబ్బుతో ఎముక అప్పటికే కరిగి, పళ్ళు ఊగుతుండగా వాటి మధ్య పేరుకున్న గారే వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది, గార తీయగానే అంతకుముందే ఉన్న వదులు బయటపడుతుంది. సందులు కూడా అంతే, గార నిండి ఉన్న చోటు ఖాళీ అవుతుంది. అల్ట్రాసోనిక్ పరికరం కంపనాలతో గారను పగలగొడుతుందే తప్ప, సరిగా వాడితే ఎనామిల్‌ను చెక్కదు. తర్వాత రెండు మూడు రోజులు చల్లనివి తగిలితే జివ్వుమనడం సహజమే.

తర్వాత పిప్పి పళ్ళు. ఫిల్లింగుతో పోయేదాన్ని నాన్చితే రూట్ కెనాల్ దాకా వస్తుంది, దాన్నీ నాన్చితే పన్ను తీయక తప్పదు. పై దవడ పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని భయపడి చీముతో కాలం గడిపేవారు ఇప్పటికీ ఉన్నారు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపును మోసే నరం వేరు, పన్ను తీస్తే చూపు తగ్గదు. నిజానికి భయపడవలసింది తీయకుండా వదిలేసిన చీము గురించే. అది ముఖంలోకి, మెడలోకి పాకితే ప్రాణం మీదికి తెస్తుంది.

గుట్కా, వక్క అలవాటు ఉన్నవారు మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడతాయో లేదో చూసుకోండి. పట్టకపోతే, కారం తగిలితే మండితే, అది వక్క వల్ల బుగ్గలు బిగుసుకుపోయే జబ్బు కావచ్చు, దానికి క్యాన్సరుగా మారే స్వభావం ఉంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటున్న పెద్దలు ఇంట్లో ఉంటే, వారి అంగిలిని తప్పక పరీక్ష చేయించండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ ఉంటే పళ్ళ రంగు సంగతి పక్కన పెట్టి ముందు దాన్ని చూపించుకోవాలి.

మెట్టు 4: బ్లీచింగ్

నోరు ఆరోగ్యంగా ఉండి, ఇంకా పళ్ళు పచ్చగానే ఉన్నాయనిపిస్తే అప్పుడు బ్లీచింగ్. ఇది పంటిని చెక్కదు. పెరాక్సైడ్ జెల్ ఎనామిల్‌లోంచి లోపలికి ఇంకి, రంగునిచ్చే అణువులను విడగొడుతుంది. రెండు రకాలుగా చేస్తారు. క్లినిక్‌లో చిగుళ్ళకు రక్షణ పొర వేసి, గాఢమైన జెల్‌ను పళ్ళకు రాసి గంటా గంటన్నరలో ముగిస్తారు. ఇంట్లో చేసుకునే పద్ధతిలో మీ పళ్ళ అచ్చు తీసి పలుచని ట్రేలు చేసి ఇస్తారు. వాటిలో 10 శాతం లేదా కాస్త ఎక్కువ కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ చుక్కలు వేసుకుని రాత్రిళ్ళు పెట్టుకోవాలి, ఫలితానికి రెండు వారాలు పడుతుంది. తొందర లేనివారికి నా ఓటు రెండోదానికే, ఎందుకంటే అందులో జివ్వుమనడం తక్కువ, రంగు నిలకడగా వస్తుంది, ట్రేలు దాచుకుంటే ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ జెల్ మాత్రం కొనుక్కుంటే సరిపోతుంది.

మొదలుపెట్టేముందు డాక్టరు షేడ్ గైడు అనే పళ్ళ నమూనాల పట్టీని మీ పంటి పక్కన పెట్టి రంగు నమోదు చేస్తారు. ఎక్కువగా వాడే పట్టీలో 16 నమూనాలు ఉంటాయి. ఆ నంబరు మీరూ రాసుకోండి, చివర్లో ఎంత మారిందో మాటలతో కాక దానితోనే తేలుతుంది. బ్లీచింగ్ వల్ల పాత క్యాప్, ఫిల్లింగు, వెనీరు రంగు మారదు. కాబట్టి ముందు పంటికి క్యాప్ ఉన్నవారు చుట్టూ ఉన్న పళ్ళు తెల్లబడ్డాక ఆ క్యాప్ మార్పించుకోవలసి రావచ్చని ముందే లెక్కలో వేసుకోవాలి. ఒకటి రెండు రోజులు పళ్ళు జివ్వుమంటాయి, తర్వాత తగ్గిపోతుంది. ఆ రెండు రోజులూ కాఫీ, టీ, పసుపు దట్టంగా పడిన పులుసులు, నేరేడు పళ్ళు మానుకోమని ఎక్కువమంది డాక్టర్లు చెబుతారు. పెరుగన్నం, ఇడ్లీతో గడిపేయవచ్చు. పద్దెనిమిదేళ్ళలోపువారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది వద్దు.

నరం చచ్చి నల్లబడిన ఒక్క పంటికి పైనుంచి బ్లీచింగ్ చేసి లాభం లేదు. రూట్ కెనాల్ చేసి, ఆ రంధ్రంలోనే మందు పెట్టి మూసి, కొన్ని రోజులకొకసారి మార్చుతూ లోపలినుంచి తెల్లబరుస్తారు. అలాంటి పంటిని చూడగానే "క్యాప్ వేసేద్దాం" అనేవారిని ఈ పద్ధతి గురించి అడగండి.

మెట్టు 5: ఫ్లోరోసిస్ మచ్చలకు మధ్యేమార్గం

ఫ్లోరోసిస్ ఉన్నవారికి వెనీర్లు, క్యాప్‌లే దిక్కని చాలామంది అనుకుంటారు. తేలికపాటి, మధ్యస్థ మచ్చలకు అంతదూరం వెళ్ళనక్కర్లేదు. గోధుమ రంగు మచ్చలు ఎక్కువగా ఎనామిల్ పైభాగంలోనే ఉంటాయి కనుక, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గరుకు పొడి కలిపిన ముద్దతో పైపొరను వెంట్రుకంత మందాన రుద్ది తీసే మైక్రోఅబ్రేషన్ వాటి మీద బాగా పనిచేస్తుంది. చిగుళ్ళకు తగలకుండా రబ్బరు తెర కట్టి చేసే పని ఇది, ఇంట్లో నిమ్మరసంతో అనుకరించేది కాదు.

సుద్దలాంటి తెల్ల మచ్చలకు ఇంకొక మార్గం ఉంది. పంటిని ఆరబెట్టినప్పుడు ఆ మచ్చ మరింత తెల్లగా తేలుతుంది, తడి తగలగానే కాస్త మాయమవుతుంది. ఎనామిల్‌లోని సూక్ష్మ రంధ్రాల్లో గాలి ఉంటే వెలుతురు ఒకలా, నీరు ఉంటే ఇంకొకలా చెదరడమే దీనికి కారణం. ఆ రంధ్రాలను ప్లాస్టిక్ లాంటి పలుచని రెజిన్‌తో శాశ్వతంగా నింపేస్తే మచ్చ చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతుంది. జర్మనీలో రూపొందిన ఈ రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ పద్ధతి ఇప్పుడు మన నగరాల్లోనూ దొరుకుతోంది. సూది, డ్రిల్లు అవసరం ఉండవు.

బ్లీచింగ్ చేయించుకునే ఫ్లోరోసిస్ రోగులకు ఒక హెచ్చరిక: మొదటి వారంలో తెల్ల మచ్చలు ఇంకా తెల్లగా కనిపించి కంగారు పుట్టవచ్చు. మిగతా పన్ను కూడా తెల్లబడేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. మచ్చలు పూర్తిగా మాయం కావాలని పట్టుబట్టకుండా, మాట్లాడేటప్పుడు ఎదుటివారికి తెలియనంతగా తగ్గితే చాలనుకునేవారికే ఈ పద్ధతులు తృప్తినిస్తాయి. గుంటలు పడి ఎనామిల్ పెచ్చులూడిన తీవ్ర దశలో మాత్రం తర్వాతి మెట్టు తప్పదు.

మెట్టు 6: కాంపోజిట్, వెనీర్, క్యాప్

ఈ మూడింటినీ ఎంత చెక్కుతారన్న లెక్కలో చూడండి. కాంపోజిట్ బాండింగ్‌లో పంటి రంగు ముద్దను నేరుగా పంటి మీద పెట్టి, మలిచి, నీలి వెలుతురుతో గట్టిపరుస్తారు; చాలాసార్లు చెక్కడమే ఉండదు. విరిగిన అంచుకు, చిన్న సందుకు ఇదే మొదటి ఎంపిక. కాలక్రమంలో మెరుపు తగ్గుతుంది, టీ మరకలు పడతాయి, కొన్నేళ్ళకు మెరుగు పెట్టించుకోవడమో మార్చుకోవడమో ఉంటుంది. బ్లీచింగ్ అయిన వెంటనే దీన్ని వేయకూడదు. పంటిలో మిగిలిన ఆక్సిజన్ అతుకును బలహీనపరుస్తుంది కనుక రెండు వారాలు ఆగాలి.

పింగాణీ వెనీరు కోసం సాధారణంగా పంటి ముందువైపు అర మిల్లీమీటరు అటూఇటుగా అరగదీస్తారు. అది ఎనామిల్ పరిధిలోనే ఉన్నంతవరకు అతుకు గట్టిగా నిలుస్తుంది. డెంటిన్‌లోకి దిగితే బలం తగ్గి, జివ్వుమనడం పెరుగుతుంది. పదేళ్ళు, అంతకుమించీ మన్నే అవకాశం ఉంది, కానీ ఎప్పటికో ఒకప్పటికి మార్చవలసిందే, అంటే ఇరవై అయిదేళ్ళకు వేయించుకున్నవారు జీవితంలో మూడు నాలుగుసార్లు ఆ ఖర్చు పెట్టుకోవలసి రావచ్చు. క్యాప్ కోసం పంటి చుట్టూ చెక్కుతారు. కంటికి కనిపించే పంటి భాగంలో దాదాపు మూడింట రెండు వంతులు అలా పోవచ్చు. రూట్ కెనాల్ అయిన దవడ పంటికి క్యాప్ రక్షణ; ఆరోగ్యంగా ఉన్న ముందు పళ్ళను వరస కోసం, రంగు కోసం పొట్టి మేకుల్లా చెక్కి క్యాప్‌లు తొడగడం మాత్రం నష్టమే. వారంలో కొత్త నవ్వు అనే ప్రకటనల వెనక ఎక్కువగా ఉండేది ఈ పనే. "నాకు వేసేది వెనీరా, క్యాపా? ఎన్ని మిల్లీమీటర్లు తీస్తారు?" అని సూటిగా అడగండి.

చెక్కకముందే నమూనా చూపించమని కోరండి. మీ పళ్ళ అచ్చు మీద మైనంతో కొత్త రూపు మలిచి, దాన్ని తాత్కాలిక పదార్థంతో మీ నోట్లోనే పళ్ళ మీద అతికించి చూపిస్తారు, అది చిటికెలో ఊడదీయగలిగేది. దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకుంటే సరిపోదు, మాట్లాడి చూడాలి. "వేసవి", "వంకాయ", "కాఫీ" అన్నప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవిని తేలిగ్గా తాకాలి, గుచ్చుకోకూడదు. "సీసా", "సరస్సు" అన్నప్పుడు ఈల వినిపిస్తే పొడవో మందమో తగ్గించాలి. ఇంట్లోవాళ్ళను ఒకరిని తోడు తీసుకువెళ్ళి, మీరు గబగబా మాట్లాడుతుంటే వినమనండి. రంగు ఎంచుకునేటప్పుడు పట్టీలో అన్నిటికన్నా తెల్లనిది చూపించి "ఇదే" అనడం మామూలే, కానీ కంటిలోని తెల్లగుడ్డు కన్నా తెల్లగా ఉన్న పళ్ళు పెట్టుడు పళ్ళని దూరం నుంచే తెలిసిపోతాయి.

బిల్లు సంగతి రాతపూర్వకంగా అడగండి: ఒక్కో పంటికి ఎంత, ల్యాబు ఖర్చు అందులో ఉందా, తాత్కాలిక పళ్ళకు వేరేనా, ఊడితే మళ్ళీ అతికించడానికి ఎంత, జిర్కోనియా అనే గట్టి పింగాణీ రకం అయితే కంపెనీ వారంటీ కార్డు ఇస్తారా. ఆరోగ్య బీమా పాలసీలు ఎక్కువగా అందం కోసం చేసే దంత చికిత్సకు డబ్బు ఇవ్వవు.

మెట్టు 7: వంకర పళ్ళు, సందులు, లేని పళ్ళు

వంకర పళ్ళకు, ఎత్తుపళ్ళకు క్లిప్పులే సరైన వైద్యం, వయసు అడ్డు కాదు. చిగుళ్ళు, ఎముక బాగుంటే నలభై ఏళ్ళకూ వేయించుకోవచ్చు. మామూలుగా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు పడుతుంది. క్లిప్పులకు బదులు తొడుక్కునే, బయటికి కనిపించని అలైనర్లు రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకుంటేనే పనిచేస్తాయి, తినేటప్పుడూ బ్రష్ చేసేటప్పుడూ మాత్రమే తీయాలి. క్లిప్పులు తీశాక పళ్ళను కొత్త చోట నిలిపి ఉంచే రిటైనర్ పెట్టుకోకపోతే పళ్ళు మెల్లగా పాత చోటికి జరుగుతాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లల ముందు పళ్ళ మధ్య సందు చూసి కంగారు పడకండి; కోరపళ్ళు దిగేసరికి అది చాలామందిలో తనంతట తానే మూసుకుంటుంది.

లేని పంటి చోట ఎముకలో బిగించే ఇంప్లాంటు వేస్తే పక్క పళ్ళను చెక్కనక్కర్లేదు. టైటానియం మర ఎముకతో కలిసిపోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. పొగతాగేవారికి, షుగరు అదుపులో లేనివారికి విఫలమయ్యే అవకాశం ఎక్కువ.

మెట్టు 8: పెళ్ళికి ముందు లెక్క

అబ్బాయికో అమ్మాయికో ముహూర్తం పెట్టుకున్నాక వారం ముందు పరుగెత్తుకుంటూ వచ్చేవారే ఎక్కువ. కనీసం నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి. మొదటి నెలలో ఎక్స్‌రే, క్లీనింగ్, ఫిల్లింగులు, అవసరమైతే రూట్ కెనాల్ ముగించండి. రెండో నెలలో బ్లీచింగ్, తర్వాత రెండు వారాల విరామం. మూడో నెలలో కాంపోజిట్ గానీ, నమూనా చూసుకుని వెనీర్లు గానీ. చివరి నెలను సర్దుబాట్లకు ఖాళీగా ఉంచండి. కొరుకు సరిగా పడకపోయినా, చిగురు వాచినా సరిచేసుకోవడానికి సమయం ఉండాలి. ఇప్పటికే వారమే మిగిలి ఉంటే క్లీనింగ్, పాలిషింగ్‌తో ఆగిపోవడం మంచిది.

మెట్టు 9: నిలబెట్టుకోవడం

మెత్తటి కుచ్చుల బ్రష్‌ను చిగురు అంచు వైపు ఏటవాలుగా పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రెండు నిమిషాలు, ఉదయం ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి తోమాలి. రెంటిలో రాత్రిదే ముఖ్యం, మనం ఎగ్గొట్టేదీ అదే. పేస్టును ఉమ్మేయండి గానీ, గుక్కలకొద్దీ నీళ్ళతో పుక్కిలించకండి; ఫ్లోరైడ్ కాసేపు పంటి మీద ఉంటేనే పనిచేస్తుంది. పుల్లటివి తిన్నాక అరగంట ఆగి తోమండి. మూడు నెలలకోసారి, లేదా కుచ్చులు విచ్చుకోగానే బ్రష్ మార్చండి. వేపపుల్ల వాడేవారు దాన్ని మెత్తగా నమిలి, అడ్డంగా రుద్దకుండా వాడాలి. అది పళ్ళ సందుల్లోకి వెళ్ళదు కనుక పళ్ళ సందులు శుభ్రం చేసే దారం (ఫ్లాస్) వాడకం మానకూడదు.

మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళలోపువారికి బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉన్న ఊళ్ళలో నీటిని పరీక్ష చేయించి, పిల్లలకు ఏ పేస్టు వాడాలో డాక్టరును అడగండి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో యంత్రం మాత్రం తగ్గిస్తుంది.

వెనీరు, కాంపోజిట్ ఉన్న ముందు పళ్ళతో చెరుకు గడ, బొమికలు, గట్టి సకినాలు, జంతికలు కొరకకండి. ముక్కలు చేసుకుని దవడ పళ్ళతో నమలండి. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవారు రాత్రిపూట పెట్టుకునే గార్డు చేయించుకోకుండా వెనీర్లు వేయించుకోవద్దు. ఎప్పుడైనా వెనీరు గానీ క్యాప్ గానీ ఊడి చేతిలోకి వస్తే పారేయకండి, ఇంట్లో ఉన్న జిగురుతో అతికించుకోకండి. కడిగి చిన్న డబ్బాలో వేసి, ఒకటి రెండు రోజుల్లోనే క్లినిక్‌కు తీసుకువెళ్ళండి. పగలకపోతే చాలాసార్లు దాన్నే మళ్ళీ అతికించవచ్చు.